వాకిట్లో సీమపనస

పోయినవారం మీరు నన్ను రేవులో నిలబెట్టి పోయారు. ఓడ దిగిన జనమంతా మెళ్లో పూలదండలు వేయించుకుని గుంపుగా చర్చి వైపు కదిలితే, ఒకావిడ మాత్రం వెనక్కి తిరిగి నా దగ్గరికొచ్చింది. "నేను ఈ లోయలోనే పుట్టానండీ. చంటిపిల్లగా ఉన్నప్పుడే ఇక్కడ పనిచేసిన ఫ్రెంచి పంతులుగారికి నన్ను పెంపకానికి ఇచ్చేశారట. కన్నతల్లి పేరు పూవానీహో. మీకేమైనా తెలుసా?" అని అడిగింది. పూవానీహో మా అమ్మ. కథ అక్కడ ఆగింది. మీకు వారం గడువు దొరికింది గానీ నాకు గుటక మింగే వ్యవధి కూడా దొరకలేదు.

"తెలుసు. పోయింది. నేను ఆవిడ కూతుర్ని," అన్నాను.

ఆవిడ "అయితే మనం..." అంది.

"ఎండ ముదరకముందే బయల్దేరదాం రండి. లోయ చూడ్డానికి ఒక పూట చాలదు," అన్నాను. నా గుర్రాన్ని కూడా పలకరించనివ్వకుండా ఎక్కించేశాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట. నా పేరు తహియాహూయి, అందరికీ హూయిని. హానాతేవై లోయలో ఆఖరి ఇల్లు నాది. ఆఖరిదంటే వరసలో ఆఖరిదని కాదు, పొయ్యి వెలిగే ఇళ్లలో ఆఖరిది. కింద చర్చి పక్కన మా కోహు మావయ్య ఉంటాడు. మిగతావాళ్లు కొండ దాటి పెద్ద ఊరికో, సముద్రం దాటి పపేతే పట్నానికో పోయారు. మధ్యలో ఉన్నదంతా మామిడి, అడవి పందులు, ఎవరికీ చెందని కోళ్లు. ఓడ వచ్చిన రోజున వచ్చినవాళ్లకి లోయ తిప్పి చూపించడం నా పని. ఓడ వెళ్లిపోయిన సాయంత్రం నాకు ముద్ద సయించదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

సొలాంజ్ అట ఆవిడ పేరు. ఆవిడ రెండో మాట గుర్రమెక్కాక అడిగింది. "నా పేరున ఒక చెట్టుందట. అది చూసి పోదామని వచ్చాను."

మా దగ్గర బిడ్డ పుడితే మాయని ఇంటి దగ్గర పాతిపెట్టి దాని మీద సీమపనస పిలక నాటుతారు. ఆ చెట్టు ఆ బిడ్డది. కచేరీ కాగితాల్లో మా నేల ఇంకా ముత్తాత పేరు మీదే ఉంది. దానికి వారసులెందరో పైనున్న ప్రభువుకే తెలియాలి. లోయలో మాత్రం చెల్లేది చెట్టు మాటే. చెట్టు ఉంటే చోటు ఉన్నట్టు. 'చూసి పోదామని' అంటుంది గానీ, చెట్టు చూశాక పోయినవాళ్లెవరు? నాకు మొగుడు లేడు, పిల్లల్లేరు. ఆ ఇల్లూ ఆ వాకిలీ, వాకిట్లో నా చెట్టూ తప్ప నాదని చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఆవిడ చెట్టు ఏదో నాకు తెలుసు. తెలుసనుకున్నాను. పై గట్టు మీద, కూలిపోయిన పాత రాతి అరుగు దాటాక, ఒంటరిగా ఒక సీమపనస ఉంది. చుట్టుపక్కల ఇల్లూ లేదు, ఇల్లున్న గుర్తూ లేదు. ఓడ వచ్చిన రోజుల్లో అమ్మ పని మానేసి అక్కడికి వెళ్లి కూచునేది. నన్ను రానిచ్చేది కాదు. చిన్నప్పుడోసారి వెంటబడి వెళితే, ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి చెంప పగలగొట్టింది. చివరి రోజుల్లో జ్వరంలో, "అది ఏం తింటోందో ఏమో" అని కలవరించేది. నాకు ముందు పుట్టిన దాన్నెవర్నో ఇచ్చేశారని అప్పుడే అర్థమైంది. నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అందుకని ఆ ఉదయం ఒక నిర్ణయానికి వచ్చాను. పై గట్టు ఒక్కటి తప్ప లోయంతా తిప్పేస్తాను. కాళ్లు నొప్పెట్టేదాకా తిప్పుతాను. సాయంత్రం ఓడ కూత వెయ్యగానే తీసుకెళ్లి ఎక్కించేస్తే పీడా విరగడవుతుంది.

తిప్పాను. వాగు దాటించి, రాతి మీద తాబేళ్లూ కుక్కలూ చెక్కిన చోటికి తీసుకెళ్లాను. నాచు పట్టిన తీకీ, అంటే పాతకాలపు రాతి దేవుడి బొమ్మ దగ్గర నిలబెట్టి, ఓడ జనానికి చెప్పే కథ చెప్పాను. ఆ కథలో సగం మావయ్య కల్పించింది. ఆవిడ మర్యాదకి తలాడించింది తప్ప ఫోటో తియ్యలేదు. ఆవిడ చూపంతా తోవ పక్కన ఖాళీ ఇళ్ల మీదే ఉంది.

"ఈ ఇల్లెవరిది?"

"పాస్కల్ వాళ్లది. పపేతేలో లారీ తోలుతున్నాడు."

"మరి ఆ చెట్టు?"

"అది పాస్కలే."

"ఈ రెండూ?"

"వాళ్లక్క మెయీతా, చెల్లెలు రోజ్. రోజ్ ఎప్పుడూ ఇంతే, కాయ తక్కువ, ఆకు ఎక్కువ. మనిషీ అంతే, మాట ఎక్కువ."

ఆవిడ నవ్వింది. ఆ తర్వాత ప్రతి ఇంటి దగ్గరా ఆగి ప్రతి చెట్టు పేరూ అడిగింది. నేను చెబుతూ పోయాను. చెబుతూ ఉంటే నాకే తెలిసింది, ఇంతసేపు నేను ఒక మనిషితో మాట్లాడి ఎన్నాళ్లయిందో. పైకి మాత్రం ముక్తసరిగానే ఉన్నాను.

"మనుషులు ఒక్కరూ లేరు. అందరి చెట్లూ ఉన్నాయి," అంది ఆవిడ.

"సాయంత్రం పూట నేను వీళ్లందర్నీ పలకరించి వస్తానండి. పిచ్చిదనుకోకండి. ఎవరో ఒకరు పలకరించకపోతే వాళ్లు మాత్రం ఎలా ఉంటారు?"

ఆవిడ గుర్రం మీంచి నా వైపు అదోలా చూసింది. "మిమ్మల్ని ఎవరు పలకరిస్తారు?" అంది. కుట్టే నోనో ఈగలు ముసురుతున్నాయని, ఒంటికి రాసుకోమని కొబ్బరినూనె సీసా తీసి చేతికిచ్చాను.

జలపాతం దగ్గర ఆవిడ నీళ్లలోకి దిగింది. ఓడ జనం మొసలి ఉందేమో అన్నట్టు ఒడ్డునే నిలబడి కాళ్లు తడుపుకుంటారు. ఈవిడ నిలువునా మునిగి లేచి బండ మీద కూచుని జుట్టు పిండుకుంది. ఎడమ భుజం మీదుగా ముందుకి తెచ్చుకుని, కింది పెదవి పళ్ల కింద నొక్కిపట్టి, తాడు పేనినట్టు మెలిపెట్టి పిండింది. అమ్మ అచ్చం అలాగే పిండుకునేది. నేను నా జుట్టు ఎన్నడూ అలా పిండలేదు. ఎంత ప్రయత్నించినా నాకు ఆ మెలి రాలేదు.

ఇది నా అక్క అనుకున్నాను. సంతోషం వేసింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి, "భోజనానికి ఆలస్యమవుతోంది, మావయ్య అరుస్తాడు," అన్నాను.

భోజనం మా ఇంట్లోనే. ఓడ వచ్చిన రోజు వంట మావయ్యది. మేక మాంసం కొబ్బరిపాలల్లో ఉడికించి, వాకిట్లో చెట్టు కాయలే కోసి, కాల్చి, మాగేసిన సీమపనసతో కలిపి రోట్లో దంచుతున్నాడు. పోపోయ్ దంచడంలో మావయ్యని మించినవాడు లేడు. అది ఆయనే రోజూ చెబుతాడు కాబట్టి నేను మళ్లీ చెప్పక్కర్లేదు.

మా వాకిట్లో చెట్టు సంగతి మాత్రం చెప్పాలి. అది నిటారుగా పెరగలేదు. ఇంటి మీదికి ఒరిగి ఉంటుంది. కాయ పండిందంటే పైకప్పు రేకుల మీద ధభేలున పడుతుంది. చిన్నప్పుడు ఉలిక్కిపడి లేస్తే అమ్మ, "నీ చెట్టే, నిన్ను లేపుతోంది, లేచి పనిచూడు," అనేది. నాకు కాస్త ఊహ తెలిశాక దాని కొమ్మకే నా ఉయ్యాల కట్టారు. నేను ఎవర్నని ఎప్పుడు అనుమానమొచ్చినా ఆ చెట్టు కిందకొచ్చి నిలబడితే తీరిపోయేది.

సొలాంజ్ వాకిట్లో అడుగుపెట్టగానే మావయ్య చేతిలో దంచే రాయి ఆగిపోయింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, నోరు తెరిచి కూడా మాట్లాడలేదు.

"మావయ్యా, చుట్టం వచ్చింది, కావోహా చెప్పవేం?"

"కావోహా," అని గొణిగి మళ్లీ దంచడం మొదలుపెట్టాడు. దంచాల్సిన దానికన్నా గట్టిగా దంచాడు.

సొలాంజ్ చెట్టు వైపు చూసింది. ఒరిగిన మొదలు దగ్గర్నుంచి కొమ్మల దాకా చూపు పోనిచ్చి, ఆగి, "ఈ చెట్టు..." అంది.

"అది నాది," అన్నాను. గబుక్కున అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

పోపోయ్ పెడితే ఓడ జనం ఒక్క వేలితో నాకి, మొహం పుల్లగా పెట్టుకుని, బాగుందని అబద్ధమాడతారు. ఆవిడ రెండు వేళ్లతో తీసుకుని తిని, మళ్లీ పెట్టించుకుంది. "మా అమ్మ, అంటే పెంచినావిడ, నా పుట్టినరోజుకి ఎప్పుడూ ఒకే మాట చెప్పేది. నేను పెద్దకాపు రోజుల్లో పుట్టానట, లోయంతా పండిన సీమపనస వాసనట," అంటూ తను పుట్టిన ఏడు కూడా చెప్పింది.

నేను పుట్టింది కూడా ఆ ఏడే. పెద్దకాపు అయిపోయి, చిన్నకాపు వచ్చే రోజుల్లో. ఒక తల్లికి ఒకే ఏడు రెండు కాపుల్లో ఇద్దరు పిల్లలు పుట్టరు. ఎక్కడో లెక్క తిరగబడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ తెలిసినదాన్ని తెలియనట్టు పక్కకి తోసెయ్యడంలో నన్ను మించినవాళ్లు లేరు. వాళ్ల దేశంలో ఏదో తప్పు రాసుకుని ఉంటారులే అనుకున్నాను.

"ఈగలెక్కువయ్యాయి ఇవాళ," అన్నాడు మావయ్య. ఈగ ఒక్కటి లేదు.

ఆవిడ చేతులు కడుక్కోవడానికి కాలవ దగ్గరికి వెళ్లగానే మావయ్య నా మోచెయ్యి పట్టుకుని వంటసాల వెనక్కి లాక్కెళ్లాడు.

"హూయీ, ఎవరే అది?"

"నీకు తెలిసే అడుగుతున్నావు. తెలియకపోతే ఈపాటికి దాని ఏడు తరాలూ అడిగి తెలుసుకునేవాడివి."

"ఓడెక్కించెయ్. ఇప్పుడే. నీ మంచికే చెబుతున్నాను, తవ్వకు."

"నేనూ అదే అనుకున్నాను మావయ్యా."

"అనుకుంటే చెయ్యి మరి. మూలుగుతావెందుకు?"

నాకొక జబ్బుంది. నేను చెయ్యాలనుకున్న పనే అయినా, ఇంకొకరు చెయ్యమంటే బుద్ధి అడ్డం తిరుగుతుంది. అదొక్కటే అయితే తమాయించుకునేదాన్నేమో. తిరిగి వాకిట్లోకి వచ్చేసరికి సొలాంజ్ గిన్నెలు కడిగి బోర్లిస్తోంది. ఓడ దిగి వచ్చినవాళ్లు గిన్నె కడగడం నేను అంతకుముందు చూడలేదు.

"మీకెందుకండీ ఈ శ్రమ?" అన్నాను.

"ఇంటి దగ్గర ఒక్క గిన్నే ఉంటుంది కడగడానికి. ఇన్ని గిన్నెలు చూస్తే సరదా వేసింది." ఇంకో గిన్నె బోర్లించి, "పెంచినవాళ్లిద్దరూ పోయారు. అమ్మ పోయేముందే ఈ చెట్టు సంగతి చెప్పింది. ఓడలో నాది ఇద్దరి గది. రెండో మంచం మీద నా టోపీ పడుకుంటుంది," అంది.

"నా ఇంట్లో రెండో కుర్చీ మీద కోడి పడుకుంటుంది," అన్నాను. "పొమ్మంటే పొడుస్తుంది."

ఇద్దరం నవ్వాం. నవ్వి ఒకరి మొహం ఒకరం చూసుకోలేక చెరో వైపు తిరిగాం. అప్పుడే నా మనసు మారింది. లోయలో ఇంకో పొయ్యి వెలిగితే నా పొయ్యి ఆరిపోతుందా? ఉన్న ఒక్క అక్కకి చెట్టు కూడా చూపించకుండా పంపేసి, రేపటినించి ఎవర్ని పలకరించను? పాస్కల్ చెట్టునా?

"రండి, ఒక చోటు మిగిలిపోయింది," అన్నాను.

మావయ్య చూస్తూనే ఉన్నాడు. అరిచాడు కూడా. నేను వెనక్కి తిరగలేదు.

పాత రాతి అరుగు పక్కనించి, మోకాలెత్తు గడ్డిలోంచి గట్టు పైకొచ్చాం. చెట్టు అక్కడే ఉంది, నిటారుగా, కాయలతో బరువుగా. కింద ఎవరూ ఏరని కాయలు పడి చితికి ఉన్నాయి. అవతల కొండ విరిగినట్టుగా తెరుచుకుని, ఆ సందులోంచి సముద్రం, సముద్రం మీద తెల్లగా ఓడ కనిపిస్తున్నాయి.

"ఇదే నీ చెట్టు," అన్నాను. మొదటిసారి 'నువ్వు' అన్నాను. అనడానికి నాకెంత ధైర్యం కావలసి వచ్చిందో ఆవిడకి తెలియదు. "పొద్దున్నే చూపించాల్సింది. నీకు చూపిస్తే నాదేదో తరిగిపోతుందని భయపడ్డాను. అమ్మ ఇక్కడికొచ్చి కూచునేది, నీకోసమే."

ఆవిడ చెట్టు దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించింది. చాలాసేపు ఆనించి ఉంచింది. తర్వాత చుట్టూ చూసింది.

"ఇక్కడ ఇల్లుండేదా?"

"లేదు."

"కాలవ?"

"కాలవ కింద, మా ఇంటి పక్కన. ఎందుకు?"

ఆవిడ చెయ్యి తీసేసింది. "ఇది నిటారుగా ఉంది హూయీ," అంది.

"సీమపనస నిటారుగా ఉండక..."

"ఇంటి ముందు, కాలవ పక్కన నా చెట్టుకి గుంట తవ్వింది నన్ను పెంచిన నాన్నేనట. తను తవ్వుతానని పట్టుబట్టాడట. తవ్వుతుంటే గుండ్రాయి తగిలిందట, ఎంత లాగినా రాలేదట. సరేలెమ్మని పిలకని వాలుగా పెట్టారు. ఇంటి మీదికి ఒరిగింది. పూవానీహో నవ్వి, ఇది పెద్దదయ్యాక కాయలు రేకుల మీద రాల్చి నన్ను నిద్రపోనివ్వదు అందట. అమ్మ ఈ మాట చెప్పి చెప్పి నవ్వేది." ఆవిడ నా వైపు తిరిగింది. "భోజనం దగ్గరే అడుగుదామనుకున్నాను. నువ్వు 'నాది' అన్నావు. నీ మొహం చూశాక అడగలేకపోయాను."

"అది నాదే. నా ఉయ్యాల దానికే కట్టారు," అన్నాను. పిచ్చిదానిలా అదే మాట మళ్లీ అన్నాను. "నా ఉయ్యాల దానికే కట్టారు."

వెనక గడ్డి కదిలింది. మావయ్య. చేతికర్రతో, ఊపిరాడక, అంత ఎత్తూ ఎక్కి వచ్చాడు. వచ్చి రాతి మీద కూలబడి, మా భాషలోనే మొదలుపెట్టాడు. ఆయనకి ఫ్రెంచి వచ్చు, కావాలనే మాట్లాడలేదు.

"చెప్పానా లేదా తవ్వకని?"

"మావయ్యా, ఈ చెట్టు ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాని చెట్టు దగ్గర అమ్మ అన్నేళ్లు ఎందుకు కూచుంది?"

"చెట్టు కోసం కూచుందని ఎవరన్నారే నీకు? ఇక్కడినించి ఓడ కనిపిస్తుంది. అంతే. ఓడలో ఆ పిల్ల తిరిగొస్తుందేమోనని చూసేది. నీడ కోసం చెట్టు కింద కూచునేది. నీడ లేకపోతే ఎండలో కూచునేది."

మాది చెట్టుకి మనిషిని చూసే జాతి. ఒంటరి చెట్టు కనిపిస్తే దాని కింద ఒక బిడ్డని ఊహించుకుంటాం. ఉత్త చెట్టు ఉత్త చెట్టే అయి ఉండొచ్చన్న ఊహ నాకు ఈ నేల మీద బతికినన్నాళ్లూ రాలేదు.

"అయితే వాకిట్లోది?"

మావయ్య సొలాంజ్ వైపు గడ్డం చూపించాడు. "దానిది."

"నాది?"

ఆయన కర్రతో నేల గీస్తూ కూచున్నాడు.

"మావయ్యా, నాది ఎక్కడుంది?"

"పంతులుగారికి పిల్లల్లేరు. మంచి మనుషులు. కడుపుతో ఉన్నప్పుడే మీ అమ్మ వాళ్లకి మాటిచ్చేసింది. మాటిచ్చాక వెనక్కి తీసుకోకూడదు కదా. ఇచ్చింది. ఓడ వెళ్లిపోయింది. పాలు మాత్రం వెళ్లలేదే. పాలు పొంగి పైట తడిసి, ఖాళీ ఉయ్యాల ఊపుతూ కూచునేది. తిండి లేదు, మాట లేదు. మీ నాన్న చూసి చూసి ఎండుకొబ్బరి పడవెక్కి ఫాతూహివా దీవికి వెళ్లాడు. అక్కడ ఒకావిడకి అప్పటికే ఇంటినిండా పిల్లలు. పాలు తాగే పిల్లని అడిగి తెచ్చాడు. నిన్ను."

సొలాంజ్ నా మొహం చూసి భయపడింది. "ఏమంటున్నాడు? హూయీ, ఏమంటున్నాడు?"

నేను దారి చూపించేదాన్ని. ఎవరి మాట ఎవరికి అర్థం కాకపోయినా చెప్పాల్సింది నేనే. పొద్దుటినించీ రాళ్ల గురించి చెప్పిన ఆ గొంతుతోనే, అదే ఫ్రెంచిలో, నా బతుకు ఒక్కొక్క వాక్యమే మార్చి చెప్పాను. వాకిట్లో చెట్టు నీదేనట. నిన్ను ఇచ్చేశాక, నీ పాలు తాగడానికి నన్ను తెచ్చారట. నాకు ఇక్కడ చెట్టు లేదట. చెబుతుంటే ఆవిడ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

"అమ్మ నాకెందుకు చెప్పలేదు? దానిది చూపించి నాదని ఎందుకంది?"

"నువ్వు రెండు కాళ్ల మీద నడవగానే ఆ చెట్టు దగ్గరికెళ్లి కావిలించుకున్నావే. ఇది ఎవరిదమ్మా అన్నావు. పరాయిదని ఎలా చెబుతుంది? నీదే అంది. ఆ మాట అన్న రోజు నించీ అది దానికీ నిజమైపోయింది." మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. "సీమపనసకి గింజ ఉండదే అమ్మడూ. ఎక్కడినించో పిలక తెచ్చి నాటాల్సిందే. తెచ్చి నాటినంత మాత్రాన అది ఈ నేల చెట్టు కాకుండా పోతుందా?"

"పిలకని అడిగి తెస్తారా మావయ్యా?"

అలా అనాలనుకోలేదు, అనేశాను. పెంచినవాళ్ల మీద నాకు కోపం లేదు. అమ్మ నాకేం తక్కువ చేసింది? కానీ పొద్దున్నించీ ఈవిడెక్కడ నా చోటు అడుగుతుందోనని దొంగలా తిప్పిందాన్ని నేను. చుట్టపుచూపుగా వచ్చినదాన్ని నేనే. లోయ చూడ్డానికి వచ్చి, చూస్తూ చూస్తూ ఉండిపోయాను.

కింద సముద్రం మీద ఓడ కూత వేసింది. మొదటి కూత. కొండలు ఆ కూతని పట్టుకుని కాసేపు వదల్లేదు.

సొలాంజ్ వచ్చి నా పక్కన కూచుంది. చెయ్యి పట్టుకోబోయి మానేసింది. "నాకు చోటు వద్దు. చెట్టు చూశాను, చాలు. దాని కాయ కూడా తిన్నాను," అంది. తర్వాత నెమ్మదిగా, "రేపు పొద్దున ఓడ ఆగేది ఫాతూహివాలో," అంది. "నా గదిలో రెండో మంచం ఖాళీగానే ఉంది."

ఫాతూహివా అన్న ముక్క మావయ్య చెవిన పడింది. చప్పున లేచి నిలబడ్డాడు. "వద్దు. అక్కడికి మాత్రం వద్దు."

"ఎందుకు వద్దు? నా చెట్టు నేను చూసుకోకూడదా?"

"నిన్ను కన్నావిడ ఇంకా బతికే ఉందే."

"మంచిదే కదా!"

"మంచిది కాదు. మొదట్లో ఓడ వచ్చినప్పుడల్లా కబురు పంపేది, పిల్ల ఎలా ఉందని. ఒకసారి పంపింది, చూడ్డానికి వస్తానని. మీ అమ్మ హడలిపోయింది. ఒకదాన్ని ఓడ తీసుకుపోయింది, రెండోదాన్ని కూడా తీసుకుపోతుందనుకుంది. వారం రోజులు నిన్ను చంక దించలేదు." కర్రని నేలలో గుచ్చాడు. "పిల్లకి జ్వరమొచ్చి పోయిందని కబురు పంపమంది. ఆ కబురు పట్టుకెళ్లి చెప్పినవాణ్ని నేనే. ఆవిడ నా ఎదుటే నేల మీద పడి దొర్లింది. ఆ తర్వాత నేను ఆ దీవి రేవులో కాలు పెట్టలేదు."

నేను సొలాంజ్‌కి ఇది మార్చి చెప్పలేదు. ఓడ రెండోసారి కూసింది. రేవులో చిన్న పడవలు అప్పుడే జనాన్ని ఎక్కించుకుంటున్నాయి.

"మావయ్యా," అన్నాను. "పిల్ల పోయిందని విన్నాక ఆవిడ నా చెట్టుని ఉంచిందా, కొట్టించేసిందా?"

మావయ్య తల ఎత్తలేదు. "తెలియదు," అన్నాడు. "నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను."

నేను లేచి గట్టు దిగడం మొదలుపెట్టాను. రేవు దాకా ఒకటే దారి, ఆ దారిలో మా వాకిలి వస్తుంది. వాకిట్లో రెండో కుర్చీ మీద కోడి పడుకుని ఉంది. చెట్టు మీంచి ఒక కాయ ఊడి, రేకుల మీద ధభేలున పడింది. సొలాంజ్ ఉలిక్కిపడింది. నేను లోపలికెళ్లి, ఓడలో రెండో మంచానికని అమ్మ దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాను.